మూడో నంబరు పాట

ఆ పాట మీకూ తెలుసు. తెలియదని బుకాయించకండి. ఎవరింటి ముందో నిలబడి గోడకున్న బొత్తం నొక్కితే లోపల టింగుమని మొదలై, పైకెక్కి, కాస్త ఆగి, మెట్లు దిగినట్టు దిగి, చివర్లో ఒక స్వరం దగ్గర సాగుతుందే, అదే. కొన్నాళ్ళు కార్లు వెనక్కి తీసేటప్పుడు కూడా అదే మోగింది. ఐస్ బండివాడు దాన్నే వాడుకున్నాడు. చంటిపిల్లల ఉయ్యాల మీద కీ ఇస్తే తిరిగే బొమ్మల్లోనూ అదే. నేను కూనిరాగం తీస్తే "ఆఁ, అదా" అంటారు అందరూ. సరే, దాని పేరేమిటో చెప్పండి అంటే నోరు వెళ్ళబెడతారు. ఏదో పాతదిలెండి అంటారు. నోట్లో ఆడుతోంది, గుర్తు రావట్లేదు అంటారు. నోట్లో ఆడటమూ లేదు, పాడూ లేదు. తెలియదంతే. తెలియదని ఒప్పుకుంటే వీళ్ళ సొమ్మేం పోతుందో నాకర్థం కాదు.

ఆ పేరు చెప్తానని ఊరించిన తమ్ముడి కోసం ఒకావిడ ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. ఆవిణ్ణి వీధిలో అందరూ బెల్లక్క అనేవాళ్ళు. నేను ఆవిడ పక్క కుర్చీలో కూర్చునే ముసలిదాన్నయ్యాను కాబట్టి ఆ సంగతి చెప్పే హక్కు నాకుంది.

మేం పనిచేసింది తలుపు బెల్లులు తయారుచేసే ఫ్యాక్టరీలో. కింది అంతస్తులో డబ్బాలు బిగించేవాళ్ళు, పై అంతస్తులో మేము. మా గదిని వినే గది అనేవాళ్ళు. బయట లారీల మోత లోపలికి రాకుండా కిటికీలకు దళసరి స్పాంజి అంటించి ఉండేది. పొడుగాటి బల్ల, దాని ముందు వరసగా మేము, ఒక్కొక్కరి ముందు రెండు తీగలు, ఒక బొత్తం. బెల్లుకి తీగలు తగిలించాలి, బొత్తం నొక్కాలి, పాట వినాలి. బాగుంటే కుడివైపు ట్రేలో, బాగోకపోతే ఎడమవైపు ట్రేలో పెట్టాలి. ఇంతే పని. మా ఆడపడుచు అయితే "నీకేం వదినా, రోజంతా సంగీత కచేరీ, పైగా జీతం" అనేది. ఆ కచేరీలో దాన్ని ఒక్క పూట కూర్చోబెడితే తెలిసొచ్చేది.

బెల్లుకొచ్చే జబ్బులు మూడు. స్పీకరు ఒరుసుకుంటే గరగర. చిప్పు వేడెక్కితే పరుగు, అంటే పాట తొందరపడిపోతుంది. మూడోది తోక తెగడం, చివరి స్వరం సాగకుండా టక్కున ఆగిపోతుంది. ఈ మూడోది పాట అయిపోయాకే తెలుస్తుంది కాబట్టి పూర్తయ్యేదాకా మేం వేలు కూడా కదపకూడదు. సూపర్వైజరు మా వెనకాల తిరుగుతూ, "పూర్తిగా వినండమ్మా, పూర్తిగా వినండి" అని అదొక్కటే పాడేవాడు. విని, తల ఒక్కసారి ఊపి, ట్రేలో పెట్టి, తరవాతది అందుకోవడం. పాటలకి పేర్లుండవు. పెట్టె మీద నంబర్లే. మేం పెట్టుకున్న ముద్దుపేర్లు వేరే ఉండేవి. ఒకటో నంబరు పిచ్చుక, రెండోది పంటినొప్పి. పంటినొప్పి ఎందుకో మీరు వరసగా ఒక గంట వింటే చెప్పక్కర్లేదు.

ఈ పనికి ఇంకో రోగం కూడా తోడు. ఇంట్లో బెల్లు మోగితే లేవం. చెవుడు కాదు, వినపడుతుంది, బ్రహ్మాండంగా వినపడుతుంది. చేతిలో పని ఆపి, తలెత్తి, చివరిదాకా విని, తల ఊపి, మళ్ళీ పని మొదలుపెడతాం. గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉంటాడన్న ముక్క బుర్రకెక్కదు. మా ఆయన వానలో తడుస్తూ బెల్లు నొక్కీ నొక్కీ, ఆఖరికి తలుపు బాది లోపలికొచ్చి, "పాస్ అయ్యానా, ఫెయిలా?" అని అడిగాడు ఒకసారి. నేను నవ్వాను. ఆయన ఆ రాత్రి అన్నం దగ్గర నాతో మాట్లాడలేదు. మా బల్ల దగ్గర పనిచేసిన ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు. అందుకని మా ఇళ్ళకొచ్చే చుట్టాలూ పక్కాలూ తలుపు కొట్టడం నేర్చుకున్నారు. బెల్లక్క వాటాకి మెట్ల కింద ఒక టైలరు కొట్టు ఉండేది. ఎవరైనా పైకెక్కి బొత్తం మీద వేలు పెడితే చాలు, అతను మిషను ఆపి, "తలుపు కొట్టండి, ఆ ఇంట్లో బెల్లుకి లేవరు" అని కేకేసేవాడు. పాలవాడికి తెలుసు, పేపరువాడికి తెలుసు, కొత్తగా వచ్చిన పోస్టుమాన్‌కి కూడా రెండో వారానికల్లా తెలిసింది.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదక్కా అని అడిగితే, "చేసుకుంటే వాడొకడు తలుపు తియ్యవే అని అరుస్తూ ఉండేవాడు" అనేది. నవ్వులాటకి అన్నా, అసలు సంగతేమిటంటే ఇంటి బరువు ఆవిడ మీదే పడింది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లికి ఆయాసం. ఒక తమ్ముడు.

వాళ్ళమ్మ గిన్నెలు తోముకుంటూ ఒక పాట కూనిరాగం తీసేదట. మాటల్లేని పాట. ఎక్కడ విందో, ఎవరు నేర్పారో ఆవిడకే తెలియదు. అక్కాతమ్ముడూ ఆ పాట వింటూ పెరిగారు. తమ్ముడికి ఊపిరి బలం ఉందని ఒక బ్యాండ్ మాస్టరు పిలిచి క్లారినెట్ చేతికిచ్చాడు. అమ్మ పాట వాయించి చూపిస్తే మాస్టరు దాని పేరు చెప్పాడట. వాడు ఇంటికొచ్చి, "అక్కా, అమ్మ పాట పేరు తెలిసింది" అన్నాడు. చెప్పరా అంటే, "ఊరికే చెప్తానేంటి? చొక్కా ఇస్త్రీ చేసి పెట్టు" అన్నాడు. చేసి పెట్టింది. తొడుక్కుని పారిపోయాడు. మర్నాడు బొత్తాలు కుట్టమన్నాడు. కుట్టింది. "నువ్వే చెప్పుకో చూద్దాం, మూడు ఛాన్సులిస్తా" అన్నాడు. ఆవిడ నోటికొచ్చిన పేర్లన్నీ చెప్పేది, వాడు తల అడ్డంగా ఊపుతూ వెర్రి నవ్వు నవ్వేవాడు. అక్కకి చిర్రెత్తి చీపురు తీసుకునేదాకా సాగేది ఆట. రోజూ ఇంతే. పేరు ఎక్కడికి పోతుందిలే అనుకున్నారు ఇద్దరూ.

తల్లికి జబ్బు ముదిరిన రోజుల్లో వాడికి పక్క ఊళ్ళో పెళ్ళి బ్యాండు పడింది. వెళ్ళనా మాననా అని మంచం పక్కన నిలబడితే తల్లే, "ఒప్పుకున్న పని, వెళ్ళిరా నాయనా" అంది. వాడు వెళ్ళాడు. ఆ సాయంత్రమే తల్లి కన్నుమూసింది. కబురు పంపడానికి వాడు ఏ వీధిలో వాయిస్తున్నాడో ఎవరికీ తెలియదు. మర్నాడు అన్నీ అయిపోయాక వచ్చాడు, ఎర్ర చొక్కా, భుజాల మీద బంగారు అల్లిక, చంకలో క్లారినెట్ పెట్టె. గుమ్మంలో ఆ వేషం చూసేసరికి అక్కకి ఒళ్ళు మండిపోయింది.

"అమ్మ పోయింది. నువ్వు ఊదుకుంటూ తిరుగు. ఈ గుమ్మం ఎక్కకు" అని మొహం మీదే తలుపేసింది.

వాడు చాలాసేపు కొట్టాడట. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఊరి అవతలి కొసన ఎక్కడో అద్దెకుంటున్నాడని మాత్రం వాళ్ళూ వీళ్ళూ చెప్పగా తెలిసింది. ఆవిడ మా ఫ్యాక్టరీలో చేరింది ఆ తర్వాతే, ఆ కబురూ వాడికి అలాగే చేరి ఉంటుంది.

ఇదంతా ఆవిడ నాకు టిఫిను బాక్సుల దగ్గర ముక్కలు ముక్కలుగా చెప్పింది. "వెళ్ళమన్నది అమ్మే. నా చెవులతో నేనే విన్నాను. తెలిసే అన్నాను ఆ మాట" అనేది. మరి వెళ్ళి పిలుచుకురావచ్చుగా అంటే, ఒకరోజు "ఏ మొహం పెట్టుకుని వెళ్ళనే?" అనేది, ఇంకోరోజు "చిన్నవాడు, వాడే రావాలి" అనేది. నాకు ఒళ్ళు మండేది. ఇద్దరూ ఒకే కడుపున పుట్టిన మొండి ఘటాలు. చెవి పట్టుకుని నేనే లాక్కెళ్ళి ఉండాల్సింది అనిపిస్తుంది గానీ, ఆవిడ చెవి పట్టుకునే మగవాడు గానీ ఆడది గానీ మా ఫ్యాక్టరీలో పుట్టలేదు.

అలాంటి రోజుల్లో మా బల్ల మీదికి కొత్త చిప్పులొచ్చాయి. మూడో నంబరు. నేనే మొదట నొక్కాను. పాట మొదలైందో లేదో పక్క కుర్చీలో ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది. పాట అయిపోయింది. "మళ్ళీ నొక్కవే" అంది. నొక్కాను. "మళ్ళీ" అంది. సూపర్వైజరు వచ్చి ఏమైందమ్మా అంటే, "ఇది మా అమ్మ పాటండి. దీని పేరేమిటి?" అని అడిగింది. అతను పెట్టె తిప్పి చూసి, "మూడో నంబరమ్మా" అన్నాడు. పాపం అతనికి అంతకన్నా ఏం తెలుసు.

ఆ రోజు ఎడమవైపు ట్రేలోంచి తోక తెగిన బెల్లు ఒకటి అడిగి తీసుకుంది. ఇంటికెళ్ళి, పాత బెల్లు పీకేసి దాన్ని బిగించుకుంది. "వాడు ఎప్పటికైనా వస్తాడు. వాడి వేలితోనే అమ్మ పాట మోగుతుంది. ఇంక నేను తప్పయిందని నోటితో చెప్పక్కర్లేదు, వాడికే తెలుస్తుంది" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు. అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు సూపర్వైజరు దగ్గరికెళ్ళి మూడో నంబరు పెట్టెలన్నీ తనకే ఇమ్మని అడిగి వేయించుకుంది.

"అక్కా, వద్దు. ఇష్టమైన దాన్ని పని చేసుకోకు" అన్నాను.

"అమ్మ పక్కనే ఉన్నట్టుంటుందే. నీకేం తెలుసు" అంది.

నాకు తెలుసు. మా ఆయన్ని వానలో నిలబెట్టినదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి. మొదట్లో ఆవిడ ఇంట్లో ఆ బెల్లు మోగితే చేతిలోది వదిలేసి పరుగెత్తేది. పాలవాడు కనపడితే ఉసూరుమనేది. తర్వాత తర్వాత నడిచి వెళ్ళింది. ఇటు బల్ల దగ్గర పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పాట, ట్రేల కొద్దీ అదే పాట. ఏడాది తిరిగేసరికి ఆ పాటకీ తల ఊపడం మొదలైంది. టైలరు మళ్ళీ మెట్ల కిందినుంచి కేకలు మొదలుపెట్టాడు. ఆవిడ మటుకు తమ్ముడు వస్తాడనే చూస్తోంది, వస్తే ఎలా వస్తాడో మరిచిపోయి.

ఏళ్ళు గడిచాయి. జుట్టు నెరిసింది, కీళ్ళు పట్టేశాయి, ఫ్యాక్టరీలో మాకు ముసలి బ్యాచి అని పేరొచ్చింది. ఒక సెలవురోజు నేను ఆవిడ ఇంట్లో కూర్చుని దుప్పటి అంచు కుడుతున్నాను. ఆవిడ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. బెల్లు మోగింది. నేను సూది ఆపాను. ఆవిడ ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుంది. పాట చివరికొచ్చి టక్కున తెగింది. ఇద్దరం తల ఊపి మళ్ళీ పనిలో పడ్డాం. మళ్ళీ మోగింది. మళ్ళీ విన్నాం. కిందినుంచి టైలరు గొంతు వినపడింది: "అమ్మా, తలుపు కొట్టండి. ఆ ఇంట్లో బెల్లుకి లేవరు. ఎవరొచ్చినా లేవరు. వాళ్ళది బెల్లుల ఫ్యాక్టరీలో పని."

తలుపు వెంటనే కొట్టలేదు. కాసేపాగి, మెల్లిగా రెండు దెబ్బలు వినపడ్డాయి. నేను వెళ్ళి తీశాను. చేతిలో గొడుగుతో ఒకామె నిలబడి ఉంది. నడివయసు మనిషి. పోట్లాటకి సిద్ధపడి వచ్చినట్టు చీర కొంగు నడుముకి చుట్టుకుంది గానీ, మొహంలో రక్తం లేదు.

"ఆయనన్నది నిజమేనా? ఎవరొచ్చినా లేవరా?" అని అడిగింది.

"అలవాటమ్మా. మీరెవరు?" అన్నాను.

ఆమె నన్ను దాటుకుని లోపలికి చూసింది. ఇస్త్రీ బల్ల దగ్గరున్న బెల్లక్కని చూసి, "నేను మీ తమ్ముడి భార్యని" అంది.

బెల్లక్క చేతిలోని ఇస్త్రీపెట్టె ఉన్నచోటే దించేసింది. నేనే కుర్చీ లాగాను. ఆమె కూర్చోలేదు.

"మా పెళ్ళి కుదిరినప్పుడు ఆయన ఇక్కడికొచ్చారు" అంది. "అక్క రాకుండా పెళ్ళి చేసుకోనని, పిలుచుకొస్తానని వచ్చారు. ఆదివారం. కింద కొట్టు మూసి ఉందట. బొత్తం నొక్కితే అమ్మ పాట మోగిందట. నా కోసమే పెట్టింది, అక్క నా మీద కోపం మానేసింది అనుకుని ఆ పక్క కిటికీలోంచి చూశారట. మీరు ఇస్త్రీ చేస్తున్నారట. బెల్లు వినగానే చెయ్యి ఆపి, తలెత్తి, పాట మొత్తం విని, తల ఊపి, మళ్ళీ ఇస్త్రీ చేసుకున్నారట. రెండోసారి నొక్కితే మళ్ళీ అలాగే చేశారట. 'వినపడలేదంటే సరిపెట్టుకునేవాణ్ణి, వింది, నేనే అని తెలిసింది, అమ్మ పాట చివరిదాకా విని కూడా తియ్యలేదు' అన్నారు. తర్వాత ఇంక ఈ ఊసెత్తలేదు."

గదిలో ఏదో మాడిన వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయిందని అప్పుడు చూశాను. తీసి పక్కన పెట్టాను.

"ఇన్నేళ్ళూ మిమ్మల్ని నేను తిట్టుకోని రోజు లేదు" అంది ఆమె. "ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఇప్పటికైనా వస్తారా రారా అని మొహం మీద అడిగేసి పోదామని వచ్చాను. ఆ టైలరు మాట విన్నాక నాకు ఏం అడగాలో తెలియట్లేదు." ఆ తర్వాత గొంతు మారింది. "వదినా, మీకు నిజంగా తెలియలేదా?"

బెల్లక్క గోడ మీది బెల్లు వైపు చూసింది. "విన్నాను" అంది. "వినే ఉంటాను. వాడు చెప్పింది నిజమే. విన్నాను." కూర్చోబోతే మంచం అందలేదు, నేను పట్టుకున్నాను. ఏడవలేదు. ఏడిస్తే బాగుండును అనుకున్నాను నేను.

ఆ సాయంత్రమే ముగ్గురం బస్సెక్కి వెళ్ళాం. సన్నటి వీధి, చివర్లో చిన్న ఇల్లు. లోపలినుంచి గడియ తిప్పినా, బయటినుంచి తాళంచెవి పెట్టినా తెరుచుకునే తలుపు. మరదలి చేతిలో తాళంచెవి ఉంది గానీ తలుపు తియ్యలేదు. "మీరే నొక్కండి వదినా" అంది.

చూస్తే తలుపు పక్కన బొత్తం మా ఫ్యాక్టరీదే. నేను గుర్తుపట్టాను, బెల్లక్కా గుర్తుపట్టింది. "అక్కడినుంచి వచ్చిన వారానికే బజారంతా తిరిగి ఈ పాట ఉన్నదే కొన్నారు" అంది మరదలు. "మా అక్క విని పంపిన బెల్లు అని బిగించారు. ఇది మోగితే నన్ను తియ్యనిచ్చేవారు కాదు. అన్నం మధ్యలో ఉన్నా ఎంగిలి చేత్తో తనే లేచేవారు. ఎందుకండీ అంటే, బయట నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు అనేవారు."

బెల్లక్క బొత్తం నొక్కింది. పాట మొదలైంది. గరగర లేదు, పరుగు లేదు, తోక చక్కగా సాగింది. మంచి పీసు అనుకున్నాను. ఆ క్షణంలో ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. పాట సగంలో ఉండగానే లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత కర్ర చప్పుడు, ఈడ్చుకొస్తున్న కాలి చప్పుడు. పాట అయిపోయింది, కాలి చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. బెల్లక్క తలుపుకి రెండు చేతులూ ఆనించి నిలబడింది. "నెమ్మదిగా రారా. నేనెక్కడికీ పోను. నెమ్మదిగా" అంటూనే ఉంది.

గడియ తిప్పడానికి ఎడం చెయ్యి చాలక చాలాసేపు తడుముకున్నాడు. అయినా మరదలు తాళంచెవి వాడలేదు. తలుపు తెరుచుకుంది. నెరిసిన గడ్డం, ఒక పక్కకి జారిన నోరు. అక్కని చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"విన్నానురా" అంది ఆవిడ. "రెండుసార్లూ విన్నాను. తలుపు దగ్గర నువ్వున్నావని తెలియలేదురా. నీ మీద కోపంతో కాదు. నా బతుకే అలా అయిపోయింది."

మరదలు ఫ్యాక్టరీ తెచ్చిపెట్టిన అలవాటు సంగతి, టైలరు సంగతి చెప్పింది. వాడికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఎడం చేత్తో అక్క మణికట్టు పట్టుకుని లోపలికి లాగాడు. అంత నీరసంలో అంత బలం ఎక్కడిదో. కూర్చోబెట్టాక ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. మెడనరాలు ఉబ్బాయి, చెమట పట్టింది, ఒక్క అక్షరం పడలేదు. ఏం చెప్పబోయాడో మాకెవరికీ తెలియదు. పాట పేరని బెల్లక్క అంటుంది. నేను కాదనను.

ఆ తర్వాత ప్రతి సెలవుకీ ఆవిడ అక్కడే. మాట పోయినా వాడికి రాగం పోలేదు. ఆవిడ కూనిరాగం మొదలుపెడితే వాడు వంకర నోటితోనే తోడు పాడేవాడు, దుప్పటి మీద ఎడంచేతి వేళ్ళు క్లారినెట్ మీద ఆడినట్టు ఆడేవి. పాట అయ్యాక పాత ఆట. "వెన్నెలా?" అనేది ఆవిడ. వాడు తల అడ్డంగా ఊపేవాడు. "పడవ పాటా? జోల పాటా?" మళ్ళీ అడ్డంగా. పడిపోని పక్క పెదవి మాత్రం నవ్వేది, ఆ చిన్నప్పటి వెర్రి నవ్వే అని ఆవిడ చెప్పింది. ఇప్పుడు చీపురు తీసే అక్కా లేదు, చెప్పే నోరూ లేదు. వాడికి ఆ పేరు తెలుసు. ఆ పేరు ఆ మనిషిలోనే ఉంది. బయటికి రాదు.

వానాకాలం మొదట్లో వాడు నిద్రలోనే పోయాడు. ఈసారి ఆవిడ పక్కనే ఉంది. సాగనంపడానికి వాడితో వాయించిన బ్యాండువాళ్ళు వచ్చారు, అందరూ పళ్ళూడిన ముసలాళ్ళు. బెల్లక్క అడగలేక నన్ను పంపింది. నేను వెళ్ళి ఆ పాట కూనిరాగం తీసి, దీని పేరేమిటని అడిగాను. మాస్టరు ఎప్పుడో పోయాడు. మిగిలినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. డోలు వాయించే ఆయన మాత్రం, "ఇదా? దీన్ని మేం తలుపు బెల్లు పాట అంటామమ్మా" అన్నాడు. ఆ మాట వెనక్కి వెళ్ళి ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎవరికీ తెలియదన్నాను. ఊఁ అంది.

ఇప్పుడు మేమిద్దరం రిటైరయ్యాం. నేను తరచూ ఆవిడ ఇంటికి వెళ్తాను. ఆవిడ రోగం పూర్తిగా నయమైంది. బెల్లు మోగితే ఇప్పుడు లేస్తుంది. పక్కింటి బెల్లు మోగినా లేస్తుంది. వీధిలో ఐస్ బండి పోతున్నా, టీవీలో ఎవరింటికో ఎవరో వచ్చినా, కీళ్ళ నొప్పులతోనే గబగబా వెళ్ళి తలుపు తీసి మెట్ల వైపు చూస్తుంది. టైలరుకి కేకలు వేసే పని తప్పింది. "ఇప్పుడు బెల్లు నొక్కొచ్చమ్మా, వెంటనే తీస్తారు" అని నాతో కూడా అన్నాడు.

నేను మాత్రం తలుపే కొడతాను. ఒకసారి మరిచిపోయి బెల్లు నొక్కాను. పాట తోక తెగకముందే తలుపు తెరుచుకుంది. తీసి, గుమ్మంలో ఉన్నది నేనని చూసినప్పుడు ఆవిడ మొహం ఎలా అయిపోయిందో చూశాను. "నువ్వా, రా లోపలికి" అంది. ఇంక ఆ బొత్తం జోలికి నేను పోను.